గట్టిగా వాయించే రాక్ కిట్‌కి కొత్త డ్రమ్ హెడ్స్ ఎలా ఎంచుకోవాలి

డ్రమ్ హెడ్ అంటే డ్రమ్‌కి పైనా కిందా బిగించే ప్లాస్టిక్ పొర. షాపుకెళ్లి "అన్నా నేను బాగా గట్టిగా కొడతా, అన్నిటికన్నా మందంగా ఉన్న హెడ్స్ ఇవ్వు" అని అడిగి, పైనా కిందా అవే వేయించుకుని వచ్చేవాళ్లని చాలామందిని చూశా. మొదటిసారి నేనూ అదే చేశా. తర్వాత వారమే ఓ కాలేజీ ఫెస్ట్‌లో వాయించాం, ఓపెన్ గ్రౌండ్, రెండు గిటార్లు, ఒక బేస్ గిటార్, డ్రమ్స్‌కి సరిపడా మైకులు లేవు. గ్రౌండ్ వెనక నిలబడి ఫ్రెండ్ తీసిన వీడియో రాత్రి చూస్తే స్నేర్ (కింద వైర్లుండే, కణేల్‌మని పలికే డ్రమ్) వినపడుతోంది, సింబల్స్ వినపడుతున్నాయి, టామ్స్ (ధమ్‌మని మోగే మిగతా డ్రమ్స్) మీదకి వెళ్లిన ప్రతిసారీ చేతులు ఆడుతున్నాయి గానీ సౌండ్ లేదు, అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంది. భుజాలు నొప్పి పుట్టేలా కొట్టా ఆ రోజు.

అప్పట్నుంచి హెడ్స్ గురించి చదువుతూ, మార్చి మార్చి చూస్తూ అర్థం చేసుకున్నది ఏంటంటే, హెడ్ మందం పెంచితే పెరిగేది దాని ఆయుష్షు, డ్రమ్ గొంతు మటుకు కింది హెడ్ దగ్గర, షెల్ (డ్రమ్ గుండ్రటి డొల్ల) అంచు దగ్గర, ట్యూనింగ్ దగ్గర ఉంటది. మందం ఎక్కువైతే ఆ గొంతు మూసుకుపోద్ది కూడా. కాబట్టి గట్టిగా వాయించేవాళ్లు ఎంచుకోవాల్సింది చిరగకుండా నిలబడేంత మందం, అంతకు ఒక్క మెట్టు కూడా ఎక్కువ వద్దు. ఆ మెట్టు ఎక్కడుందో ఒక్కో డ్రమ్‌కి ఎలా కనిపెట్టాలో వరసగా చెప్తా.

1. కొనేముందు పాత హెడ్స్ చూడండి

పాతవి పారేయకండి, మీకు ఏం కావాలో అవే చెప్తాయి. స్నేర్ తీసి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని, వెలుతురు పక్క నుంచి పడేలా ఏటవాలుగా వంచి చూడండి. ఎదురుగా చూస్తే కనపడని గుంటలన్నీ అప్పుడు నీడలతో సహా బయటపడతాయి. ఆవగింజంత గుంటలు మధ్యలో గుంపుగా ఉంటే అది మామూలు అరుగుదల. శనగగింజంత గుంటలు, అదీ వేలితో రాస్తే లోతు తెలిసేవి పడ్డాయంటే ఆ హెడ్ మీ చేతికి పల్చన. కోటెడ్ హెడ్ అయితే పైన తెల్ల పూత ఎక్కడ అరిగిందో చూడండి, మధ్యలో రూపాయి బిళ్ళలా నున్నగా అయిపోయి చుట్టూ గరుకుగా ఉంటే మీ స్టిక్ సరిగ్గా మధ్యలో పడుతోందని అర్థం.

టామ్స్ మీద మాత్రం గుంటలు మీకు దగ్గరగా, అంచు వైపు, పొడుగ్గా గీరినట్టు ఉన్నాయనుకోండి, అక్కడ తప్పు హెడ్‌ది కాదు. టామ్‌ని మీ వైపు మరీ ఎక్కువ వంచేశారు, అందుకే స్టిక్ మొన నేరుగా వెళ్లి పొడుస్తోంది. హోల్డర్ దగ్గర యాంగిల్ తగ్గించి, టామ్‌ని దాదాపు బల్లపరుపుగా పెట్టుకుంటే మామూలు రెండు పొరల హెడ్డే నెలల తరబడి వస్తది. ఇది సరి చేసుకోకుండా ఎంత మందం హెడ్ వేసినా డబ్బులు దండగ.

హెడ్ మధ్యలో కాకుండా రిమ్ (హెడ్‌ని షెల్ మీద పట్టి ఉంచే చుట్టు) పక్కనే, మడత దగ్గర చిరిగితే షెల్ అంచు మీద ఓ కన్నేయండి, ఎక్కడో పెచ్చు లేచి ఉండొచ్చు, లేదా ఒక పక్క రాడ్‌లు (రిమ్‌ని బిగించే పొడుగు మరలు) మరీ బిగించేసి ఉంటారు.

ఎక్కడా చిరగలేదు కానీ ఎంత ట్యూన్ చేసినా ఒక స్వరం మీద నిలబడట్లేదు, ఒక్కో రాడ్ దగ్గర ఒక్కో సౌండ్ వస్తోంది, మధ్యలో వేలితో నొక్కితే సాగిపోయినట్టు మెత్తగా ఉందంటే ఆ హెడ్ అయిపోయినట్టే. చిరిగేదాకా ఆగనక్కర్లేదు.

2. సైజు కొలవండి

టేపు పెట్టాల్సింది షెల్ మీద, రిమ్ మీద కాదు. రిమ్ బయట నుంచి కొలిస్తే దాదాపు ఇంచు ఎక్కువ వస్తది, 12కి 13 కొనుక్కొచ్చి తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు. రాడ్‌లు ఆరున్నా ఎనిమిదున్నా పదున్నా హెడ్‌కి సంబంధం లేదు, చూడాల్సింది వ్యాసం ఒక్కటే.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కిట్లు, ఇంచుల్లో, బేస్ డ్రమ్ 22, టామ్స్ 10, 12, ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నిలబడే పెద్ద టామ్) 14 లేదా 16, స్నేర్ 14. పాత పద్ధతి రాక్ కిట్లయితే 12, 13, 16. ఇక్కడొక తిరకాసు ఉంది జాగ్రత్త: హెడ్స్ చేసే ఇవాన్స్ కంపెనీ వాళ్ల టామ్ ప్యాక్‌ల మీద "రాక్" అని ఉంటే అది సైజుల పేరు, సౌండ్ పేరు కాదు. ఫ్యూజన్ అంటే 10, 12, 14. రాక్ అంటే 10, 12, 16. స్టాండర్డ్ అంటే 12, 13, 16. "నేను రాక్ వాయిస్తా కాబట్టి రాక్ ప్యాక్" అని తీసుకుంటే, మీ ఫ్లోర్ టామ్ 14 అయితే దానికి పట్టని హెడ్ ఇంటికొస్తది.

కిట్ బాగా పాతదైనా, లోకల్‌గా చేయించినదైనా మాత్రం నంబర్ ఒక్కటే నమ్ముకోవద్దు, షెల్‌నే షాపుకి తీసుకెళ్లండి. కొత్త హెడ్ షెల్ మీద పెడితే దానంతటదే కిందకి దిగాలి, రెండు వేళ్లతో తిప్పితే ఫ్రీగా తిరగాలి. నొక్కితే తప్ప దిగని హెడ్ ఎప్పటికీ ట్యూన్ అవదు.

3. మందం లెక్క తెలుసుకోండి

హెడ్ మందాన్ని మిల్‌లలో చెప్తారు, మిల్ అంటే ఇంచులో వెయ్యో వంతు. 10 మిల్ అంటే పావు మిల్లీమీటర్. మామూలు జిరాక్స్ కాగితం సుమారు 4 మిల్ ఉంటది, దాన్నిబట్టి ఊహించుకోండి.

ఒకే పొర 10 మిల్ హెడ్డే అన్నిటికీ కొలబద్ద లాంటిది. రెమో కంపెనీలో అంబాసిడర్, ఇవాన్స్‌లో జీ1 అదే. ఇది బాగా తెరుచుకుని మోగుతుంది, తేలిగ్గా పలుకుతుంది, గట్టిగా కొట్టే చేతికి తొందరగా గుంటలు పడతాయి. దాని పైమెట్టు రెండు పొరలవి, ఒక్కో పొర 7 మిల్: రెమో ఎంపరర్, ఇవాన్స్ జీ2, అక్వేరియన్ రెస్పాన్స్ 2. మొత్తం 14 మిల్ అయినా 14 మిల్ ఒకే పొరలా మోగదు, ఎందుకంటే కొట్టినప్పుడు రెండు పొరలూ ఒకదానికొకటి రాసుకుని సన్నటి పై స్వరాలని అణిచేస్తాయి, మిగిలేది "ధమ్" అని లావుగా, కొంచెం పొట్టిగా ఉండే సౌండ్. రాక్‌కి టామ్స్ మీద ఇవి ఎందుకంత వాడతారో ఇదే కారణం.

ఇంకా అణచాలంటే అంచు చుట్టూ కంట్రోల్ ఉన్నవి ఉన్నాయి, రెమో పిన్‌స్ట్రైప్, ఇవాన్స్ ఈసీ2 లాంటివి. అదీ చాలదంటే రెండు పొరల మధ్య నూనె పొర ఉండే ఇవాన్స్ హైడ్రాలిక్. హైడ్రాలిక్ రూములో కూర్చుని వింటే ఎంత బాగుంటదో, ప్రతి దెబ్బా "డుబ్" అని బరువుగా పడుతుంది. కానీ మైకులు లేని చోట అదే హెడ్ పది అడుగులు దాటి వెళ్లదు. మీరు వాయించే చోట ప్రతి టామ్‌కీ మైక్ ఉంటేనే అటు చూడండి.

రెమో బాక్సు మీద కోడ్ చదవడం కూడా వస్తే ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మోసపోరు. బీఈ-0312-00 అని ఉందనుకోండి, బీ అంటే బ్యాటర్ (కొట్టే వైపుది), ఈ అంటే ఎంపరర్, 03 అంటే క్లియర్ (పూత లేనిది), 12 సైజు. అదే 01 ఉంటే కోటెడ్. బీఏ-0114-00 అంటే 14 ఇంచుల కోటెడ్ అంబాసిడర్. మొదట ఎస్ ఉంటే అది స్నేర్ కింద వేసేది, పైన వేసి కొట్టేది కాదు.

4. టామ్స్

పైన క్లియర్ రెండు పొరలది, కింద క్లియర్ ఒకే పొర 10 మిల్. రాక్ కిట్‌కి ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తా. క్లియర్ ఎందుకంటే కోటెడ్ కన్నా స్టిక్ తగిలిన చప్పుడు స్పష్టంగా ముందుకొస్తది, గిటార్ల గోలలో జనం చెవికి చేరేది ముందుగా ఆ చప్పుడే, లోపలి గుమ్మనే శబ్దాన్ని బేస్ గిటార్ ఎలాగూ సగం మింగేస్తది. కోటెడ్ వేస్తే సౌండ్ కొంచెం వెచ్చగా, మెత్తగా ఉంటది, ట్రియో బ్యాండ్ అయ్యి మధ్యలో ఖాళీ ఎక్కువ ఉంటే అది బాగుంటది.

కింది హెడ్ సంగతికొస్తే, నా మొదటి తప్పు అక్కడే. కింది హెడ్‌ని ఎవరూ కొట్టరు, దాని పనల్లా లోపలి గాలి తోసినప్పుడు కదిలి సౌండ్‌ని మోయడం. అక్కడ రెండు పొరలది వేస్తే బరువెక్కి కదలదు, పైన ఎంత బలంగా కొట్టినా సౌండ్ డ్రమ్‌లోనే చచ్చిపోద్ది. మీది కొత్తగా నేర్చుకునేవాళ్లకి అమ్మే కిట్ అయ్యి, కొన్నప్పట్నుంచి కింది హెడ్స్ ఎప్పుడూ మార్చకపోతే, ఈసారి పైవాటితో పాటు అవీ ఒకసారి మార్చండి, కిట్టే మారిపోయిందనిపిస్తది. తర్వాత పైవి మూడు నాలుగు సార్లు మార్చేదాకా కిందవాటి జోలికి పోనక్కర్లేదు.

చాలామందికి ఇంకో భయం, "కొడితే బోంయ్ అని మోగుతోంది" అని. మోగనివ్వండి. స్టూల్ మీద కూర్చున్న మీకు ఆ మోత చెవిలోకి నేరుగా వస్తది, పదిహేను అడుగుల అవతల, బ్యాండ్ మొత్తం వాయిస్తుంటే అది ఎవరికీ వినపడదు, పైగా డ్రమ్‌కి నిండుదనం ఇచ్చేది అదే. రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్‌లో డ్రమ్మర్ జాన్ బోనమ్ 26 ఇంచుల లడ్విగ్ బేస్ డ్రమ్ పెట్టుకుని వాయించాడు, ఆయన డ్రమ్స్ అంత పెద్దగా వినపడటానికి చేతి బలం ఒక్కటే కారణం కాదు, డ్రమ్స్‌ని నోరు నొక్కకుండా తెరిచి ఉంచడం కూడా.

5. స్నేర్

గట్టిగా వాయించేవాళ్ల డబ్బంతా ఖర్చయ్యేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్తా.

స్నేర్ మీద రెండు పనులు ఒకేసారి జరగాలి, రెండో బీటు మీద, నాలుగో బీటు మీద కణేల్‌మని పగలాలి, మధ్యలో ఎడమ చేత్తో వేసే చిన్న చిన్న దెబ్బలకి కింది వైర్లు కూడా పలకాలి. హెడ్ మందం పెరిగే కొద్దీ మొదటి పని బానే జరుగుద్ది, రెండోది చచ్చిపోద్ది. అందుకే మెట్లు మెట్లుగా వెళ్లమంటా.

మొదటి మెట్టు, ఒకే పొర 10 మిల్ కోటెడ్, కింది వైపు మధ్యలో చుక్క అతికించి ఉన్నది, రెమోలో కంట్రోల్డ్ సౌండ్ అంటారు. కొట్టే చోట మాత్రమే మందం, చుట్టూ మామూలు హెడ్. చిన్న దెబ్బలకి కూడా బాగా పలుకుతుంది. నా అభిప్రాయంలో నూటికి ఎనభై మంది రాక్ డ్రమ్మర్లకి ఇది సరిపోద్ది, కానీ ఎక్కువమంది దీన్ని వాడి చూడకుండానే పై మెట్టుకి దూకేస్తారు.

అది నెల తిరక్కుండా గుంటలు పడుతుంటే రెండో మెట్టు, 7 మిల్ రెండు పొరలు, కోటెడ్. ఎంపరర్ కోటెడ్, జీ2 కోటెడ్ ఈ కోవలోవి. రిమ్‌షాట్ (స్టిక్ హెడ్‌నీ రిమ్‌నీ ఒకేసారి తాకే దెబ్బ) లావుగా వస్తది, మోత కొంచెం తగ్గుద్ది.

మూడో మెట్టులో ఉన్నవి మొండి హెడ్స్: రెమో ఎంపరర్ ఎక్స్, ఇవాన్స్ హెవీవెయిట్, రెండూ 10 మిల్ పొరలు రెండేసి. అక్వేరియన్ ట్రిపుల్ థ్రెట్ అయితే 7 మిల్ పొరలు మూడు. ప్రతి దెబ్బా రిమ్‌షాట్‌గా కొట్టేవాళ్లకి, మెటల్ వాయించేవాళ్లకి, స్టిక్ వెనక్కి తిప్పి లావు చివరతో కొట్టేవాళ్లకి ఇవి అవసరమే. మిగతావాళ్లకి ఇవి వేస్తే స్నేర్ నోట్లో గుడ్డ కుక్కినట్టు ఉంటది, దాన్ని లేపడానికి ఇంకా గట్టిగా కొడతారు, మణికట్టు నొప్పి మొదలవుద్ది.

కింద వేసేది 3 మిల్ స్నేర్ సైడ్ హెడ్, అంబాసిడర్ హేజీ గానీ ఇవాన్స్ హేజీ 300 గానీ. జిరాక్స్ కాగితం కన్నా పల్చన, అందుకే వైర్లు చిన్న కదలికకి కూడా స్పందిస్తాయి. ఇక్కడ టామ్ కింది హెడ్ వేయకూడదు, ఏదో ఒక 14 ఇంచులది ఉంది కదా అని అస్సలు వేయకూడదు, వైర్లు మూగబోతాయి. గట్టిగా వాయించేవాళ్లకి దీనికి కూడా మందంది కావాలేమో అనుకుంటారు, అవసరం లేదు, దీన్ని ఏ స్టిక్కూ తాకదు. స్టాండ్ మీద పెట్టేటప్పుడు స్టాండ్ చేతులు గుచ్చుకోకుండా చూస్కోండి చాలు, ఈ హెడ్స్ ఎక్కువగా పోయేది అలానే.

6. బేస్ డ్రమ్

ఇక్కడ ఎంచుకోవడం తేలిక. రాక్‌కి కావాల్సిన "గుబ్" అనే పొట్టి దెబ్బ కోసం అంచు చుట్టూ అణిచే ఏర్పాటు హెడ్‌లోనే ఉన్నవి తీసుకోండి. రెమో పవర్‌స్ట్రోక్ 3కి లోపలి వైపు అంచు చుట్టూ పల్చటి రింగ్ ఉంటది, కొంచెం ఎక్కువ తెరుచుకుని మోగుతుంది. ఇవాన్స్ ఈమ్యాడ్‌కి బయట నుంచి మార్చుకునే ఫోమ్ రింగులు రెండు వస్తాయి, సన్నది ఒకటి, లావుది ఒకటి, మైక్ ఉన్న చోట లావుది, లేని చోట సన్నది పెట్టుకోవచ్చు, ఈ సౌకర్యం కోసమే నేను కొత్తవాళ్లకి ఇది చెప్తా. చెక్క బీటర్‌తో (పెడల్ తొక్కితే వచ్చి హెడ్‌ని కొట్టే సుత్తి), డబుల్ పెడల్‌తో తొక్కేవాళ్లయితే రెండు పొరల ఈమ్యాడ్ 2 గానీ అక్వేరియన్ సూపర్ కిక్ 2 గానీ చూడండి.

ఏది కొన్నా బీటర్ తగిలే చోట ప్యాచ్ అతికించడం మర్చిపోకండి. అతికించేముందు హెడ్ బిగించి, పెడల్ పెట్టి, బీటర్‌ని చేత్తో ముందుకు వంచి ఎక్కడ తగులుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, కంటికి మధ్యలా కనపడే చోట బీటర్ తగలకపోవచ్చు.

జనం వైపుండే ముందు హెడ్‌కి 4 లేదా 5 ఇంచుల రంధ్రం, మధ్యలో కాకుండా ఓ పక్కకి ఉన్నది తీసుకుంటే మైక్ పెట్టుకోవచ్చు, బీటర్ చప్పుడూ బయటికి వస్తది. రంధ్రం ఇంకా పెద్దది చేస్తే ముందు హెడ్ లేనట్టే, డ్రమ్ లోతు పోద్ది. ఇంట్లో బ్లేడుతో కోయకండి, అంచులో చిన్న గాటు పడ్డా అక్కడ్నుంచి చీలిక పాకుద్ది, రంధ్రం ఉన్నదే కొనండి. లోపల దుప్పట్లు కుక్కడం కూడా వద్దు, చిన్న దిండు ఒకటి కొట్టే వైపు హెడ్‌కి అలా ఆనేలా పెడితే చాలు.

7. డబ్బులు సరిపోకపోతే ఏది ముందు

ఇవన్నీ బయట దేశాల నుంచి వచ్చేవే, రేట్లు ఒక్కో షాపుకి ఒక్కోలా ఉంటాయి, అన్నీ ఒకేసారి కొనడం అందరికీ కుదరదు. ముందు స్నేర్ పై హెడ్. తర్వాత బేస్ డ్రమ్ కొట్టే వైపుది, పాటంతా మోసేవి ఈ రెండే. తర్వాత టామ్స్ పైవి ప్యాక్‌గా, విడివిడిగా కన్నా కలిసొస్తది. స్నేర్ కింది హెడ్ ధర తక్కువే, దాన్ని పై హెడ్‌తో పాటు తెచ్చి పెట్టుకోండి. బేస్ డ్రమ్ ముందు హెడ్ పాతదే అయినా ఏళ్ల తరబడి నడుస్తది.

8. బిగించడం

మంచి హెడ్ కొని పాత మురికి మీదే బిగించేస్తే లాభం లేదు. రాడ్‌లు ఒకే వైపు నుంచి పూర్తిగా విప్పేయకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేస్తూ రండి. హెడ్ తీశాక లోపల స్టిక్ పొట్టు, దుమ్ము ఎంత ఉంటదో చూస్తే ఆశ్చర్యపోతారు. పొడి గుడ్డతో షెల్ అంచు, రిమ్ లోపలి వైపు తుడవండి. రాడ్‌ల మరలకి చుక్క నూనె రాయండి.

తర్వాత షెల్‌ని వంటింట్లో గ్రానైట్ గట్టు మీద బోర్లించండి, ఇంట్లో అంత సమతలంగా ఉండేది అదొక్కటే. లైట్ ఆపేసి, ఫోన్ టార్చ్ వేసి షెల్ లోపల పెట్టి, అంచూ గట్టూ కలిసే చోట కన్ను ఆనించి చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడా వెలుతురు రాకపోతే అంచు బాగున్నట్టు. వెంట్రుక మందం గీతలా వెలుతురు వచ్చినా భయం లేదు, అట్టముక్క దూరేంత సందు ఉంటే మాత్రం అక్కడ ఏ హెడ్ వేసినా ముడత పోదు, చెక్కపని బాగా తెలిసినవాళ్లతో అంచు సరి చేయించాల్సిందే. స్నేర్ కింది అంచుకి మాత్రం వైర్ల కోసం రెండు వైపులా కావాలనే పల్లం పెడతారు, అది లోపం అనుకుని గీకించేయకండి. చెక్క షెల్ అయితే అంచు మీద తెల్ల కొవ్వొత్తి ఒకసారి తిప్పి రాస్తే హెడ్ నున్నగా కూర్చుంటది.

టామ్స్‌కి కింది హెడ్ ముందు వేయండి. హెడ్ పెట్టి, రిమ్ పెట్టి, అన్ని రాడ్‌లూ వేళ్లతో తిరిగినంత వరకూ తిప్పండి. అప్పుడు రాడ్‌లు తిప్పే డ్రమ్ కీ తీసుకుని ఎదురెదురుగా, ఒకటి తిప్పాక దాని ఎదుటిది, ఒక్కోటి అర చుట్టు చొప్పున. రెండు మూడు రౌండ్లయ్యాక పై హెడ్ మధ్యలో అరచెయ్యి పెట్టి నిదానంగా నొక్కండి. కట్‌కట్‌మని పెళుసుగా సౌండ్ వస్తది, మొదటిసారి విన్నవాళ్లు హెడ్ చిరిగిందనుకుని చెయ్యి తీసేస్తారు, అది అంచులో ప్లాస్టిక్‌ని పట్టుకున్న జిగురు సర్దుకునే చప్పుడు, ఏం కాదు. స్నేర్ కింద 3 మిల్ హెడ్‌ని మాత్రం ఇలా ఎప్పుడూ నొక్కొద్దు.

9. ట్యూనింగ్

డ్రమ్‌ని దిండు మీద బోర్లిస్తే రెండో హెడ్ మోగదు, ఒక్కదాన్నే వినొచ్చు. ప్రతి రాడ్‌కి ఇంచు దూరంలో స్టిక్‌తో మెల్లగా తట్టి, అన్ని చోట్లా ఒకే స్వరం వచ్చేదాకా సరిచేయండి. పై హెడ్ ముడతలన్నీ పోయిన చోట ఆగి, అక్కడ్నుంచి పావు చుట్టు ఎక్కించండి, రాక్ టామ్‌కి అది మంచి మొదలు. కింది హెడ్‌ని దానికన్నా పై స్వరంలో పెట్టండి. పై హెడ్‌ని స అనుకుంటే కింది హెడ్ గ దగ్గర ఉంటే దెబ్బ స్పష్టంగా పడి, కొంచెం కిందకి జారి ఆగుద్ది. రెండూ ఒకే స్వరంలో పెడితే చాలాసేపు మోగుతూ ఉంటది, ఫాస్ట్ పాటల్లో ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. టామ్స్ మధ్య దూరం కూడా అలానే వినండి, 16 ఫ్లోర్ టామ్ స అయితే 12 ప దగ్గర, ఆ 12ని స అనుకుంటే 10 గ దగ్గరో మ దగ్గరో.

స్నేర్ కింది హెడ్ బాగా బిగువుగా, పైది దానికన్నా కొంచెం తక్కువ. పై హెడ్ మరీ బిగించేస్తే చప్పుడు సన్నబడి గిటార్లు ఉండే చోటికే వెళ్లి కూర్చుంటది, కొంచెం దించితే బయటికి వస్తది. బేస్ డ్రమ్ కొట్టే వైపు ముడత పోయీ పోనట్టు, అంతే.

ఇదంతా చేసేటప్పుడు చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. మూసిన గదిలో స్నేర్ రిమ్‌షాట్లు చెవికి చాలా చెడ్డవి, పైగా ప్లగ్స్ పెట్టుకుంటే చిన్న చిన్న మోతలు తగ్గి అసలు స్వరం ఇంకా బాగా తెలుస్తది.

ఆ తర్వాత బ్యాండ్‌లో ఎవరినో ఒకరిని మీ స్టూల్ మీద కూర్చోబెట్టి కొట్టమనండి, మీరు పదిహేను ఇరవై అడుగులు ముందుకెళ్లి వినండి, గిటార్ కూడా వాయించమనండి. మోత తగ్గించే జెల్ ముక్కలు, టేపులు హెడ్ మీద అతికించాలా వద్దా అనేది అక్కడ నిలబడి తేల్చుకోవాలి, స్టూల్ మీద కూర్చుని కాదు.

ఒకప్పుడు డ్రమ్ సెట్‌కి కూడా తోలే ఉండేది, గాలిలో తేమ ఎక్కితే సడలిపోయేది, మన డప్పుని మంట దగ్గర కాచినట్టు దాన్నీ కాచుకోవాల్సి వచ్చేది. 1950లలో పాలియెస్టర్ ఫిల్మ్ వచ్చాక, 1957లో రెమో బెల్లీ అనే డ్రమ్మర్ రెమో కంపెనీ పెట్టి ఆ హెడ్స్ అమ్మడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. అయినా ఏసీ రూములోంచి మే నెల ఎండలో స్టేజీ మీదకి తెచ్చిన కిట్‌ని వెంటనే ట్యూన్ చేయకండి, కాసేపు అక్కడి గాలికి అలవాటు పడనిచ్చి అప్పుడు కీ పట్టుకోండి.

గట్టిగా వాయించేవాళ్లకి రాడ్‌లు వదులవడం ఇంకో తలనొప్పి, ముఖ్యంగా స్నేర్‌కి రిమ్‌షాట్ పడే వైపు, మీకు దగ్గరగా ఉన్న రెండూ. ఆ రెండు రాడ్‌లకి మర మీద ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేప్ రెండు చుట్లు చుట్టి బిగిస్తే షో మొత్తం కదలవు. కొత్త హెడ్ వేసిన మొదటి రోజే షో పెట్టుకోవద్దు, ఒకట్రెండు ప్రాక్టీసుల్లో సాగాల్సింది సాగి, మళ్లీ ఒకసారి బిగించాక స్థిరపడుద్ది. పాత స్నేర్ హెడ్ మరీ పోలేదనుకుంటే పడేయకుండా కీతో పాటు బ్యాగులో పెట్టుకోండి, షో మధ్యలో కొత్తది చిరిగితే రెండు పాటల మధ్య సింగర్ మాట్లాడేలోపు వేసుకోవడానికి అదే దిక్కు.